పచ్చి మండ లేని ఆదివారం

బాలప్పకు నోటికన్నా చెయ్యి ముందు లేస్తుంది. పుంగనూరు సంతలో తన మేకను రోగిష్టిదన్నవాడి పన్ను ఊడగొట్టాడు. ఎద్దుమూపు కొండ మీద ఎలుగుబంటి మీద పడితే గొడ్డలి తిరగేసి దాని ముక్కు మీద బాదాడు. అది ఇతని చెంప చీల్చి పోయింది. పెళ్లయిన కొత్తలో భార్య రాజేశ్వరిని ఒకసారి కొట్టాడు. ఆమె రోకలి తీసి భుజం మీద ఒక్కటేసింది. రెండోసారి కొట్టలేదు. అట్లని చెడ్డవాడు కాదు. మా వీధిలో ఎవరి మేక ఈనలేక అల్లాడినా, లోపల చెయ్యి పెట్టి పిల్లను తీసేది అతనే.

ఎద్దుమూపు అంటే అంగళ్లు ఊరు దాటాక కనిపించే ఎత్తు కొండ. శని, ఆదివారాలు బెంగళూరు నుంచి పిల్లలు బండ్ల మీద వచ్చి ఎక్కుతారు. వాళ్లకు అది షికారు, మాకు మేకల మేత. తొలివానకు ముందు ఎండిన బోదగడ్డిని కాలుస్తాం. వాన పడగానే లేత గడ్డి లేస్తుంది. ఫారెస్టువాళ్లు వద్దంటారు. అయినా కాలుస్తాం, దాచేదేముంది.

కాల్చేముందు ఒకటి చూస్తాం. కట్టెలకు గానీ తేనెకు గానీ కొండెక్కేవాళ్లు దారి మొదట్లో బండ మీద ఒక పచ్చి మండ పెట్టి పోవాలి. దిగినాక తీసేయాలి. షికారుకు వచ్చేవాళ్ల చేతా మేమే పెట్టిస్తాం. మండ లేదంటే కొండ మీద మనిషి లేడని అర్థం. మా తాతలప్పటి నుంచీ అంతే. ఆ ఆదివారం పొద్దున బండ మీద మండ లేదు. బాలప్ప అగ్గిపుల్ల గీశాడు.

మంట నడుం ఎత్తు లేచి పైకి పాకింది. అప్పుడే శిఖరం దగ్గర ఎర్ర చొక్కా ఒకటి కదిలింది.

"ఏమయ్యో, ఆడ మనుషులుండారు!" రాజేశ్వరి అరిచింది.

"మండ లేదు కదే!"

"మండ లేకుంటే? సూడు, నడస్తాండారు!"

పుంగనూరు వైపు నుంచి కొత్త కాలిబాట ఒకటి ఫోన్లలో చూపిస్తుందంట. షికారుకు వచ్చిన ముగ్గురు పిల్లలు అటు నుంచి ఎక్కారు. మా బండ సంగతి వాళ్లకెట్లా తెలుస్తుంది?  బాలప్ప వంకలో రాళ్ల మీదుగా మేకలా ఎగబాకాడు.

పైన జరిగింది నాకు ఆ ముగ్గురిలో ఒకతె, జాహ్నవి, తర్వాత చెప్పింది. పొగకు కళ్లు కనిపించక వాళ్లు గడ్డి వైపే, అంటే మంటకు ఎదురే, పరిగెత్తుతున్నారు. బాలప్ప అడ్డం పడి ముందువాణ్ణి పట్టుకున్నాడు.

"ఆ పక్క పోతే సస్తారు! గడ్డి లేని బోడిబండ మీదికి రాండి!"

"ఎవడ్రా నువ్వు? వదులు!" అని చైతన్య అనే అబ్బాయి చేతికర్రతో నుదుటి మీద కొట్టాడు. నెత్తురు కంట్లోకి దిగింది. బాలప్ప తిరిగి కొట్టిన దెబ్బకు ఆ అబ్బాయి బండ మీద వెల్లకిలా పడ్డాడు. జాహ్నవి బాలప్ప మోచేతిని కండ ఊడేటట్టు కొరికింది. ఆమెను జుట్టు పట్టి ఈడ్చి అదే బండ మీద పడేశాడు.

మూడోవాడు, ఎర్ర చొక్కా పురుషోత్తం, ఈ కొట్లాట చూసి బెదిరి కిందికి ఉరికాడు. పది అడుగులు పోయాడో లేదో మంట కాళ్లను పట్టుకుంది. వాడి కేక వినలేక చెవులు మూసుకున్నానని జాహ్నవి చెప్పింది. బాలప్ప మంటలో దూరి, వాడి మీద పడి దొర్లాడు. ప్యాంటు లాగితే గుడ్డతో పాటు తోలు వచ్చింది. భుజాన వేసుకుని బండ మీదికి తెచ్చి, అందరినీ మొహం కిందికి పెట్టి పడుకోమన్నాడు. లేవబోయిన చైతన్య మెడ మీద మోకాలు పెట్టాడు. మంట రెండు పక్కలా గర్జిస్తూ పైకి పోయింది.

కిందికి దిగాక, ఊరంతా గుమిగూడిన చోట చైతన్య అడిగాడు. "ఈ నిప్పు పెట్టిందెవడు?"

అబద్ధం చెప్పుంటే సరిపోయేది. మేమెవరం నోరు విప్పేవాళ్లం కాదు.

"నేనే అప్పా."

చైతన్య బూటుకాలితో పొట్టలో తన్నాడు. పడినాక పక్కటెముకల్లో తన్నాడు. ఒకటి విరిగిన చప్పుడు నా దాకా వినిపించింది. మా మగవాళ్లు కట్టెలు ఎత్తారు.

బాలప్ప నెత్తురు ఉమ్మి, "ఎవురూ ఆ అబ్బిని ముట్టొద్దు," అన్నాడు. "ముందు ఈ పిల్లోణ్ణి టెంపోలో ఎత్తండి. ఏం సూస్తాండారు?"

మదనపల్లె ఆసుపత్రికి నేనూ పోయాను. పురుషోత్తం తల్లి మునిరత్నమ్మ పెద్దపంజాణి నుంచి వచ్చింది. చైతన్య వేలు పెట్టి చూపించగానే బాలప్ప దగ్గరికి పోయి రెండు చెంపలూ వాయించింది.

"నా కొడుకు నీకేం సేసినాడు రా? వాడు నీ గొర్రెను తిన్యాడా, నీ గడ్డి తిన్యాడా?"

"మండ లేదు, ఎవురూ లేరనుకొని..." అని మొదలుపెట్టి ఆపేశాడు. ఆమె అందక ఎగురుతుంటే తల ఇంకా వంచాడు. "కొట్టుమ్మా."

సాయంత్రం దాకా లోపలినుంచి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఎస్సై వచ్చి, బాలప్పను తీసుకుపోవాలన్నాడు.

"పిల్లోడు ఉండాడో లేడో తెలిసినాక వస్తా సార్."

జాహ్నవి లేచింది. "నిప్పు పెట్టిందీ ఈయనే, మమ్మల్ని కొట్టిందీ ఈయనే, బయటికి లాగిందీ ఈయనే. రాస్తే మూడూ రాయండి సార్."

అంతలో డాక్టరు వచ్చింది. ప్రాణానికి భయం లేదు, ఎడమ కాలు మాత్రం మోకాలి కింద తీసేయాల్సి వచ్చింది అంది.

మునిరత్నమ్మ బాలప్పను మళ్లీ కొట్టింది, ఈసారి పిడికిళ్లతో, విరిగిన ఎముకల మీదే. అతను మూలిగాడు గానీ జరగలేదు. చేతులు నొప్పెట్టేదాకా కొట్టి, ఆమె అక్కడున్న బల్ల మీద కూలబడింది.

"మాట్లాడతాండాడా వాడు?" అని డాక్టరును అడిగింది.

"అమ్మ అంటున్నాడు. పోండి."

ఆమె బల్ల పట్టుకుని లేవబోయింది. కాలిన చేతులకు కట్టు ఉండడంతో బాలప్ప మోచెయ్యి అందించాడు. ఆమె దాన్నే పట్టుకుని లోపలికి పోయింది. ఎస్సై బాలప్ప కోసం గుమ్మం దగ్గర నిలబడ్డాడు.