రక్షణశాఖ పెదనాన్న

మా పెదనాన్న ఎవరినీ, దేనినీ నమ్మడు. పాలు పొంగితే ఎవరి ప్రోద్బలంతో పొంగాయో ఆరా తీసే రకం. ఉద్యోగకాలమంతా గిడ్డంగి అధికారిగా, విప్పి చూడనిదే ఒక్క బస్తానూ లోపలికి రానివ్వని ఆ మహానుభావుడు, పదవీ విరమణ చేసిన మర్నాడే బంధువర్గంలోని కంప్యూటర్లన్నిటికీ రక్షణశాఖను తనకు తానే కేటాయించుకున్నాడు.

యాంటీవైరస్‌ను ఎంచుకోవడమంటే ఆయన దృష్టిలో కాపలావాణ్ణి కుదుర్చుకోవడమే.

"వీడు ఉచితమంటున్నాడు. జీతం తీసుకోని కాపలావాడు దేనిమీద బతుకుతాడ్రా?"

"పోనీ, డబ్బు తీసుకునేదే పెట్టండి."

ధర చూశాడు. "వీడికంటే దొంగే నయం."

ఒకసారి ఒకరిమీద ఒకరు నిఘా వేస్తారని ఇద్దరినీ కలిపి పెట్టాడు. వాళ్లు ఒకరినొకరు దొంగ అని పట్టుకుని పెనుగులాడుతుంటే, కంప్యూటర్ తెరుచుకునేలోగా పెద్దమ్మ వంట ముగించి వడ్డన కూడా కానిచ్చేది.

ఇక ఫైర్‌వాల్. గడప దాటబోయే ప్రతి ప్రోగ్రామూ ఎక్కడికి, ఎందుకు, ఎవరితో అన్న మూడింటికీ ఆయనకు జవాబు చెప్పుకోవలసిందే. ప్రింటర్‌ను కూడా ఆపేశాడు.

"అది మనింటిదే కదండీ," అంది పెద్దమ్మ.

"ఇంటిదొంగను ఈశ్వరుడే పట్టలేడంటారు. నేను పట్టద్దూ?"

అలాంటి మనిషికి ఒక మధ్యాహ్నం అత్తయ్య, అంటే ఆయన చెల్లెలు, ఫోన్ చేసింది. స్వెటర్ల అల్లికలు కంప్యూటర్‌లో గీసి నలుగురికీ పంపడం ఆవిడ వ్యాపకం, ప్రాణం కూడా. ఇంకోసారి ఏదైనా తేడా చేస్తే కంప్యూటర్ పట్టుకుపోతానని బావ, ఆవిడ కొడుకు, అప్పటికే హెచ్చరించి ఉన్నాడు.

"అన్నయ్యా, తెరమీద ఎర్రపెట్టె వచ్చింది. కంప్యూటర్ నిండా వైరస్‌లట. తీసేస్తాం, ఇక్కడ నొక్కండి అంటే నొక్కేశాను. ఇప్పుడు అన్నీ పెట్టెలే. వాడికి తెలిస్తే..."

పరుగున వెళ్లాం. గంటసేపు ఉపన్యాసం ఖాయమనుకున్నాను. పెదనాన్న ముందు నెట్ వైరు పీకాడు. కాపలావాడి వేషంలో వచ్చిన దొంగను బయటికి గెంటాడు. అసలైన యాంటీవైరస్‌తో మూలమూలలా వెతికించాడు. అల్లికలు భద్రంగా ఉన్నాయి.

అంతలో బావ వచ్చాడు. తెరమీద యాంటీవైరస్ పట్టిన దొంగల జాబితా చూశాడు.

"ఎవరు నొక్కారు?"



"నేనేరా," అన్నాడు పెదనాన్న, కళ్లజోడు తుడుచుకుంటూ.

"మీరా మామయ్యా? ప్రింటర్‌ను కూడా నమ్మని మీరా?"

"ఇక్కడ నొక్కండి అని అంత మర్యాదగా అడిగాడు. కాదనలేకపోయాను."

బావ కుర్చీలో కూలబడి నవ్వాడు. సాయంత్రానికి ఈ వార్త బంధువర్గమంతా పాకుతుందని, రక్షణశాఖ ఊడినట్టేనని పెదనాన్నకు తెలియక కాదు. చెక్కుచెదరకుండా కూర్చున్నాడు.

నవ్వు ఆగాక బావ తీర్పు చెప్పాడు. "అమ్మా, ఇకమీదట నువ్వు పక్కన లేకుండా మామయ్య దీన్ని ముట్టుకోకూడదు. ఓ కంట కనిపెట్టు."

అత్తయ్య అన్నగారివైపు ఒక్క క్షణం చూసింది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, కొంగు బిగించింది.

"విన్నావుగా అన్నయ్యా. నన్నడక్కుండా ఏదీ నొక్కకు."

"అలాగేనమ్మా," అన్నాడు పెదనాన్న, చేతులు కట్టుకుని.