దేవదానం మాస్టారికి వేయని చుక్కలు

కోవిడ్ తగ్గిన మరుసటి వేసవిలో, కాకినాడలో నేను పనిచేసే ప్రైవేటు కంటి ఆసుపత్రి వారు తణుకు దగ్గర ఒక ఊళ్లో షుగరు రోగులకు పెట్టిన శిబిరానికి నన్ను పంపారు. నేను ఆప్టోమెట్రిస్టుని. చూపు పరీక్షించి, చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యాక కంటి వెనక పొర అయిన రెటీనాను ఫొటో తీయడం నా పని. ఫొటో చూసి జబ్బు తేల్చేది డాక్టరుగారు.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి హాల్లోనే శిబిరం. దేవదానం గారు రిటైరైన లెక్కల మాస్టారు. పదిహేనేళ్లుగా షుగరు. చార్టులో ఆఖరి వరస దాకా గడగడా చదివి, చేతిలోని బైబిలు తెరిచి అందులోని సన్న అక్షరాలూ చదివారు. "ఇంకేం కావాలండి? మా ఆవిడ కోపం కూడా దూరం నుంచే కనపడుద్ది" అన్నారు.

"కనపడి ఏం లాభమండి, కాజాలు మానరుగా" అంది ఆవిడ. వరసలో ఉన్నవాళ్లు నవ్వారు.

చుక్కలు వేస్తే నాలుగైదు గంటలు దగ్గరి అక్షరాలు మసకబారతాయి. సాయంత్రం చర్చి కూడికలో ఆయన బైబిలు వాక్యం చదవాలి. "తప్పదంటారా బాబూ?" అని అడిగారు.

"ఇంత బాగా చదువుతున్నారు, మీకక్కర్లేదండి" అన్నాను. రిజిస్టరులో 'నార్మల్' అని రాశాను.

షుగరు రెటీనాలోని సన్నని రక్తనాళాలను ఏళ్ల తరబడి పాడుచేస్తుంది. ముందు అవి కారతాయి. తర్వాత పెళుసైన కొత్త నాళాలు పుట్టి, ఒకరోజు చిట్లుతాయి. రెటీనా మధ్యభాగం బాగున్నంతకాలం మనిషి అన్నీ చదవగలడు. ఇదంతా నాకు తెలుసు.

క్రిస్మస్‌కు ముందు ఆయన్ని మా ఆసుపత్రికి తీసుకొచ్చారు. కుడి కంటికి అడ్డంగా నల్లటి బూజు వేలాడుతున్నట్టుందట. లోపల రక్తం నిండిపోయి రెటీనా కనిపించలేదు. అది ఊడిపోయిందని స్కానులో తేలింది. ఆపరేషన్ చేసినా ఆ కంటికి వెలుతురు తెలియడం తప్ప ఏమీ మిగల్లేదు. ఎడమ కన్ను లేజరుతో, ఇంజెక్షన్లతో నిలిచింది. వేసవిలోనే చూసి ఉంటే కుడి కంటికీ లేజరు సరిపోయేదేమో.

డాక్టరుగారు శిబిరం రిజిస్టరు తెప్పించి, చుక్కలు ఎందుకు వేయలేదని అడిగారు. ఆయనే వద్దన్నారని చెప్పాను. కేసు షీటులో 'రోగి నిరాకరించారు' అని రాశారు. తలుపు తీసే ఉంది, మాస్టారు బయట బల్ల మీద కూర్చున్నారు. వెళ్లేటప్పుడు నా దగ్గర ఆగి, "నేను వద్దనలేదు బాబూ. అడిగాను" అన్నారు.

నిరుడు రిటైర్మెంటుకు ముందే ఉద్యోగం మానుకున్నాను. ఆ షీటు మాత్రం అలాగే ఉంది. ఆయన నిరాకరించలేదు. అక్కర్లేదన్నది నేను.

షుగరున్నవారు చార్టు మొత్తం చదివినా ఏడాదికోసారి చుక్కలు వేసి రెటీనా చూడాల్సిందే. చూడకుండా బాగుందని చెప్పే అధికారం ఆప్టోమెట్రిస్టుకు లేదు, డాక్టరుకూ లేదు.