పామర్‌స్టన్ నార్త్‌కు పదకొండు ఫుట్‌బాల్ కార్డులు

గారెత్ తాత కార్డులు బ్యాగులో పెట్టుకుని నేను ఆక్లాండ్ మౌంట్ రాస్కిల్‌లో సిటీ బస్సెక్కేటప్పటికి ఉదయం ఆరున్నర. ఆయన ఎనభై ఎనిమిదేళ్ళ వేల్స్ పెద్దమనిషి. రోజూ పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళి స్నానం చేయించడం, మందులివ్వడం నా ఉద్యోగం. పామర్‌స్టన్ నార్త్‌లో ఉన్న తమ్ముడు ఓవెన్‌ చేతికి ఆ కార్డులు ఇచ్చి రమ్మని బతిమాలారు. క్లయింట్ల సొంత పనులు చేయకూడదని మా ఏజెన్సీ రూలు, నా వీసా ఆ ఏజెన్సీ చేతిలో ఉంది. అయినా కాదనలేకపోయాను.

వాళ్ళ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు ఆటగాళ్ళ బొమ్మలు మొదట సిగరెట్ పెట్టెల్లో వచ్చేవట. తర్వాత టీ పొట్లాల్లో, ఆ తర్వాత చూయింగ్ గమ్‌తో. ఇప్పుడైతే స్టిక్కర్లు కొనుక్కుంటారు. వీళ్ళ నాన్న సిగరెట్లు కాల్చి కాల్చి ఇరవై రెండు కార్డుల సెట్టు పోగేశాడు. పోయేముందు బేసి నంబర్లు పెద్దకొడుక్కి, సరి నంబర్లు చిన్నవాడికి పంచాడు. సెట్టు చూడాలంటే ఇద్దరూ ఒకచోట కూర్చోవాలని ఆయన ఆశ. ఏదో మాటపట్టింపు వచ్చి అన్నదమ్ములు ఇరవై ఏళ్ళుగా మాట్లాడుకోవడమే లేదు.

"నావి కూడా వాడి ఆల్బమ్‌లోనే పెట్టమను. నాకిక పంతం లేదు" అన్నారు తాత.

దారిలో నలిగిపోతాయని ముందురోజు శాండ్రింగ్‌హామ్ బజార్లో పదకొండింటికీ లామినేషన్ చేయించాను. మా ఇంట్లో టెన్త్ సర్టిఫికెట్ నుంచి యేసుప్రభువు పటం దాకా లామినేషన్ కానిది లేదు. తాతకు చెప్పలేదు. తమ్ముడే ఫోన్ చేసి మెచ్చుకుంటాడులే అనుకున్నాను, నా అతితెలివి తగలెయ్య.

సిటీ సెంటర్‌లో ఏడూ నలభై ఐదుకి పెద్ద బస్సు. టికెట్ ముందుగా ఆన్‌లైన్‌లో కొంటే చవక. హామిల్టన్‌లో ఎక్కిన ఒక వరంగల్ నర్సు నా పక్కన కూర్చుంది. టౌపోలో భోజనానికి ఆపినప్పుడు నా పులిహోర ఇద్దరం పంచుకున్నాం. కార్డులు చూపించాను.

"మంచిగ చేయించినవ్ అక్కా. మా అత్తమ్మయితే రేషన్ కార్డు గూడ ఇడ్వలే" అంది.

ఆ మాటకి పొంగిపోయాను. టౌపో దాటాక చలి ఎక్కువ, వెళ్ళేవాళ్ళు స్వెటర్ పైనే ఉంచుకోండి.

ఐదున్నరకు దిగాను. ఓవెన్ ఇల్లు బస్టాపు నుంచి నడక దూరమే. అన్న పేరు చెప్పగానే ఆయన కళ్ళు తడయ్యాయి. నన్ను కూర్చోబెట్టి, ఆల్బమ్ తెచ్చి బల్ల మీద పరిచారు. అందులో పదకొండు గళ్ళు ఖాళీ. ఒక కార్డు తీసి గడిలో దూర్చబోయారు. ప్లాస్టిక్ అంచు అడ్డొచ్చి పట్టలేదు. గోటితో మెల్లగా ఊడదీస్తే ఆటగాడి మొహం ప్లాస్టిక్‌తో పాటు లేచి వచ్చింది.

"కార్డు మీద వేలిముద్ర పడితే నన్ను కొట్టేవాడు గారెత్" అన్నారు. "వాడికి తెలియక కాదు. తెలిసే చేశాడు. నాకు ఇచ్చినట్టూ ఉండాలి, నాకు పనికిరాకుండానూ ఉండాలి."

చేసింది నేనని చెప్పాలి. నోటిదాకా వచ్చింది. ఏజెన్సీకి ఫోన్ చేస్తారేమో, వీసా పోతుందేమోనని మింగేశాను. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందని సరిపెట్టుకుందామంటే, ఆ కోతిని తీసుకెళ్ళి తాత నెత్తిన కూర్చోబెట్టాను. అది పొరపాటు కాదు, పిరికితనం. ఓవెన్ కార్డుల కవరు తిరిగి నా చేతిలో పెట్టి తలుపేసుకున్నారు.

మోటెల్లో గది శుభ్రంగానే ఉంది. మర్నాడు పొద్దున తిరుగు బస్సులో ఉండగా తాత ఫోన్ చేశారు.

"ఏమన్నాడు?"

"ఆయన ఇంట్లో లేరు తాతా."



"లోపలే ఉండి ఉంటాడు. నేను పంపానని తలుపు తీయలేదు. వాడంతే" అని పెట్టేశారు.

మళ్ళీ ఫోన్ చేసి నిజం చెప్పడానికి ఆక్లాండ్ దాకా తొమ్మిది గంటల టైముంది. చెయ్యలేదు. దారి అందమైనదే, చూడాల్సిందే. ఇద్దరు ముసలివాళ్ళకు ఇరవై ఏళ్ళ నాటి పాత కోపం చల్లారుతున్న వేళ, చెరొక కొత్త కోపం ఇచ్చి వచ్చాను.

మర్నాడు ఏడింటికి వెళ్ళి, కార్డుల కవరు బ్యాగులోంచి తీయకుండానే తాతకు స్నానం చేయించాను. నీళ్ళు సరిపోయాయా అని మాత్రం అడిగాను.