లైసెన్సు మీద ఫోటో నాది

మా ఎరువుల దుకాణం గోడకు ఫ్రేము కట్టి తగిలించిన లైసెన్సు మీద ఫోటో నాది. పంతొమ్మిదేళ్ల కిందటిది. మా ఆయన సర్కారు బడిలో సోషల్ సారు. నౌకరిలో ఉన్న మనిషి సొంత పేరు మీద వ్యాపారం చేయకూడదు కాబట్టి నా పేరు రాయించాడు. అందుకు నేను చేసిందల్లా హుజూర్‌నగర్ స్టూడియోలో తల దువ్వుకుని కూర్చోవడం, ఆ తర్వాత ఆయన వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేయడం. బడి అయ్యాక సాయంత్రాలు, సెలవు రోజులు ఆయనే గల్లా దగ్గర కూర్చునేవాడు. బడి నడిచే వేళంతా ఎవరు కూర్చున్నారంటే నేనే. కానీ మా ఇంట్లో దాన్ని కూర్చోవడం అనరు. "జర షాపు సూస్తుండు" అంటారు.

అమ్మకాలు బాగుంటే కంపెనీ వాళ్లు డీలర్లను టూరుకు తీసుకుపోతారు. గోవా, ఊటీ, కేరళ, అన్నీ నా పేరు మీదే వచ్చాయి. అన్నింటికీ ఆయనే మెడికల్ లీవు పెట్టి వెళ్లొచ్చాడు. పాపం, గోవా నుంచి నాకొక టోపీ తెచ్చాడు. ఎండాకాలం షాపు ముందు లైను కట్టిన రైతుల మధ్య ఎండలో నిలబడి గొడవలు ఆపడానికి అది బాగా పనికొచ్చింది.

పోయిన ఎండాకాలం ఆయన రిటైరయ్యాడు. అయిన వారానికే లైసెన్సు తన పేరు మీదకు మార్చే కాగితాలు తెచ్చి టీవీ పక్కన పెట్టాడు. సరిగ్గా అప్పుడే కంపెనీ ఉత్తరం వచ్చింది. ఈసారి టూరు స్పెయిన్‌కు, వారం రోజులు. ఒకప్పుడు ఆఫ్రికా నుంచి సముద్రం దాటొచ్చి ఆ దేశాన్ని వందల ఏళ్లు ఏలిన ముస్లిం రాజుల పాత పట్నాలు చూపిస్తారట. కింద ఇంకో మాట ఉంది. వీసా పని కాబట్టి లైసెన్సు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే రావాలి, బదులు మనిషి కుదరదు.

ఆయన మొహం మాడిపోయింది. "గాడ ఏమున్నయే, పాత గోడలు" అన్నాడు.

"ముప్పై ఏండ్లు పిల్లలకు మీరు చెప్పింది గా పాత గోడలే గద" అన్నాను.

"సరే పోయిరా. పోయే ముంగట గీ కాగితాల మీద సంతకం పెట్టిపో. ఇగ నీకెందుకీ పరేషాన్."

"వచ్చినంక పెడత."

పెద్ద ఆలోచన చేసి అన్న మాట కాదు. ముందే పెడితే విమానం ఎక్కనివ్వరేమోనని భయం, అంతే. కాకపోతే ఇన్నేళ్లలో నా పేరు చేయబోయే చివరి పని ఈ టూరేనని నాకు బాగా తెలుసు. తిరిగొచ్చాక ఆ ఫ్రేములోకి ఆయన ఫోటో వస్తుంది. చూసేదేదో సరిగా చూసి రావాలనుకున్నాను.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ డీలర్లు ఇరవై ఇద్దరు, అందరూ మగవాళ్లే. బ్యాంకాక్ అనుకుంటే స్పెయిన్ వచ్చిందని దిగులుగా ఉన్నారు. శంషాబాద్‌లో ప్రతి ఒక్కరూ నన్ను "సారు రాలేదా?" అని అడిగారు. నేను సాగనంపడానికి వచ్చాననుకున్నారు కాబోలు. టూరు నడిపే హైదరాబాద్ అమ్మాయికీ నాకూ ఒకే గది ఇచ్చారు.

అందరికీ పెద్ద కోదాడ డీలరు. ఆయన పెట్టెలో ఇరవై కిలోల మిర్యాలగూడ సన్నబియ్యం, ఆవకాయ, ఒక పెద్ద కరెంటు కుక్కర్ వచ్చాయి. మొదటి ఊరు సెవిల్‌లో దిగగానే ఆ కుక్కర్ తెచ్చి నా మంచం పక్కన పెట్టాడు.

"మీరుండగా మాకు తిండి దిగులు లేదండీ వదినగారూ" అన్నాడు.

వండమని ఆయన అడగలేదు. వండుతానని నేనూ అనలేదు. అయినా మర్నాడు పొద్దున వాళ్లంతా రాజుగారి కోట చూడటానికి బస్సెక్కితే, నేను గదిలో బియ్యం కడుగుతూ ఉండిపోయాను. ఇరవై ముగ్గురికి మూడు విడతలు వండాలి. మూడో విడతకు ఆ అంతస్తంతా కరెంటు పోయింది. హోటల్ మనిషి తలుపు కొడితే కుక్కర్ మీద దుప్పటి కప్పి, తలుపు తీసి నమస్కారం పెట్టాను. వెనకాల మంచం పక్కన దుప్పటి పొగలు కక్కుతోంది. ఆ మనిషి దాన్ని చూశాడు, నన్ను చూశాడు, తిరిగి నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. సెవిల్ కోటను నేను మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ డీలర్ల ఫోన్లలో చూశాను. ప్రతి ఫోటోలోనూ కోటకు అడ్డంగా ఒక డీలరు ఉన్నాడు.

కార్డోబాలో పాత మసీదు చూడటానికి నాకు ఇరవై నిమిషాలు దొరికాయి. లోపల ఎటు చూసినా స్తంభాలే, వాటి మీద ఎరుపూ తెలుపూ చారల కమానులు. తర్వాత గెలిచిన రాజులు నడిమధ్య చర్చి కట్టారు. స్పెయిన్ గైడు, నా వయసు ఆవిడ, చేతిలో చిన్న జెండా పట్టుకుని నిదానంగా ఇంగ్లీషులో చెప్తోంది. మా వాళ్లు తలలెత్తి చూశారు.

"గోడౌనుకైతే మస్తుంటది" అన్నాడు సూర్యాపేట డీలరు.

"గాలి బాగా ఆడుతోందండీ, సరుకు గడ్డకట్టదు" అన్నాడు కోదాడ డీలరు.

నవ్వొచ్చింది. నిజం చెప్పొద్దూ, నాకూ అదే తోచింది. ఇంకొంచెం లోపలికి పోదామనుకుంటుండగా హైదరాబాద్ అమ్మాయి వచ్చి మెల్లగా "ఆంటీ, రైస్ టైమ్" అంది. నాకు ఒళ్లు మండింది. వండమని అడగని వాళ్ల మీద కాదు, అడగకముందే వండుతున్న నా మీద.

ఆ సాయంత్రం మా ఆయన వీడియో కాల్ చేశాడు.

"ఏమేం సూసినవ్?"

"స్తంభాలు."

"ఆఫీసుల మాట్లాడిపెట్టిన. నువ్వు దిగంగనే సంతకం పెడితే ఖతం."

ఇక మిగిలింది గ్రనడా ఒక్కటే. కొండ మీద అల్హంబ్రా అని ఆ రాజుల చివరి కోట ఉంది. టికెట్ల మీద పేర్లుంటాయి, వేళ ఉంటుంది, పాస్‌పోర్టు చూపిస్తేనే లోపలికి వదులుతారని అమ్మాయి ముందురోజే రెండుసార్లు చెప్పింది. మా వాళ్లు విన్నట్టే తలూపారు. అసలు సంగతేమిటంటే, దొంగల భయంతో అందరి పాస్‌పోర్టులూ కోదాడ డీలరు మొదటిరోజే వసూలు చేసి తన పెట్టెలో పెట్టుకున్నాడు. నా దగ్గరికీ వచ్చాడు. "ఎవలకియ్యొద్దని మా సారు చెప్పిండన్నా" అన్నాను. ఆయన చెప్పిన మాట నిజమే. దానికోసం గుడ్డసంచి కుట్టుకుని మెడలో వేసుకున్నాను కూడా. మొగుడి మాట జవదాటని ఇల్లాలని అందరూ మెచ్చుకున్నారు.

ఆ పొద్దున నేను బియ్యం కడగలేదు. కుక్కర్ తీసుకెళ్లి కోదాడ డీలరు గది ముందు పెట్టి, బస్సులో ముందు సీటులో కూర్చున్నాను. డీలర్లు ఒక్కొక్కరే ఎక్కుతుంటే కిటికీలోంచి బయటికే చూశాను. ఇంత వయసొచ్చి కుక్కర్‌కు భయపడ్డానని రాయడానికి సిగ్గుగానే ఉంది. కోదాడ డీలరు బస్సెక్కి నన్ను చూసి వెనక సీటుకు పోయాడు.

కోట గేటు దగ్గర పాస్‌పోర్టు అడిగారు. ఇరవై ఇద్దరూ జేబులు తడుముకున్నారు. పెట్టె హోటల్లో ఉంది. ఫోన్లలో ఫోటోలు చూపించారు, ఆధార్ కార్డులు చూపించారు, ఒకాయన తన షాపు విజిటింగ్ కార్డు కూడా చూపించాడు. గేటు మనిషి అన్నిటికీ తల అడ్డంగా ఊపాడు. హోటల్‌కు పోయి వచ్చేసరికి మా వేళ దాటిపోతుంది. నేను మెడలో సంచి తీసి పాస్‌పోర్టు ఇచ్చాను. అతను పేరు చదివాడు, ఫోటో చూశాడు, నా మొహం చూశాడు, దారి వదిలాడు. నా పేరుకు తలుపు తెరుచుకోవడం అదే మొదటిసారి.

అమ్మాయి వాళ్ల దగ్గర ఆగింది. గైడు, నేను లోపలికి నడిచాం. సగం ఆమె ఇంగ్లీషుతో, సగం చేతులతో నాకు అర్థమైంది. చివరి రాజు ఓడిపోయి ఈ కోట తాళాలు తనే తీసుకెళ్లి గెలిచినవాళ్ల చేతిలో పెట్టాడట. పోతూ పోతూ ఒక గుట్ట మీద ఆగి, వెనక్కి చూసి ఏడ్చాడట. మగాడిలా నిలబెట్టుకోలేని దానికోసం ఆడదానిలా ఏడుస్తావేమని తల్లి తిట్టిందని అక్కడ కథగా చెప్పుకుంటారు. ఏడ్చింది కొడుకు, ఏడవనిది తల్లి. అయినా ఏడుపు మాత్రం ఆడవాళ్ల పేరు మీదే రాశారు. లైసెన్సులాగే.

పక్క తోటలో ఒక మెట్లదారి ఉంది. మెట్లకు రెండువైపులా గోడల మీద కాలువ తొలిచారు. పైనుంచి నీళ్లు అలా చేతికింద పారుతుంటాయి. మాడుగులపల్లి దగ్గర మా నాయన పొలం సాగర్ కాలువకు చిట్టచివర ఉండేది. పైవాళ్లందరికీ పారాక మిగిలితే మాకు. చిన్నప్పుడు ఎండిన కాలువలో కూర్చుని నీళ్లెప్పుడొస్తాయని చూసేదాన్ని. ఇక్కడ కిందిమెట్టు మీద నిలబడి చేయి పెడితే నిండుగా తగిలాయి. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. గైడు జెండా చుట్టి నా పక్కన నిలబడింది.

బయటికి వస్తే మా వాళ్లు అరుగు మీద వరసగా కూర్చుని బ్రెడ్డు నములుతున్నారు.

"లోపల ఏమున్నయక్కా?" అని మిర్యాలగూడ డీలరు అడిగాడు.

"నీళ్లు" అన్నాను.

"మరి అన్నం సంగతండీ?" అన్నాడు కోదాడ డీలరు.

"కుక్కర్ మీ గది ముంగటనే ఉన్నది గదన్నా. బియ్యానికి ఒకటికి రెండు నీళ్లు పొయ్యాలె."

ఆ పూట గ్రనడాలో ముద్దన్నం తిన్నాం. ఎవరూ వంక పెట్టలేదు.

ఇంటికి వచ్చిన మర్నాడు మధ్యాహ్నం షాపులో మా ఆయన కాగితాలు గల్లా బల్ల మీద పరిచి, పెన్ను మూత తీసి, వేలు పెట్టి చూపించాడు.

"గీడ."

పెన్ను తీసుకున్నాను. "గా ఊరి రాజు తాళాలు తనే తీస్కపోయి ఇచ్చిండట. ఎందుకిచ్చిండు?" అని అడిగాను.

సోషల్ సారు కదా, వెంటనే చెప్పాడు. "ఓడిపోయిండు గనక."

"నేనేం ఓడిపోలే గద" అన్నాను.

ఆయన వేలు కాగితం మీద అలాగే ఉంది. నేను పెన్ను మూత పెట్టి, ఆ వేలు కిందనుంచి కాగితాలు మెల్లగా లాగి, మడిచి, లైసెన్సు ఫ్రేము వెనక దోపాను. చెప్పులేసుకుని గుమ్మం దగ్గర ఆగాను.

"అన్నం తినొస్త. జర షాపు సూస్తుండుండ్రి."