హెడ్డుగారు వస్తున్నారని అలికిన దొడ్డి

ఆ రోజుల్లో మా ఊరికి ఖాకీ బట్టలాయన వస్తున్నాడంటే భయపడాలో మర్యాద చేయాలో తెలియక రెండూ కలిపి చేసేవాళ్ళం. తప్పు చేసినవాడు తోటల్లోకి పోయేవాడు, చేయనివాడు అంతకంటే ముందే పోయేవాడు. మిగిలిన ఆడవాళ్ళం మంచం దులిపి, మజ్జిగ కలిపి నిలబడేవాళ్ళం. దొంగని ఎలా పట్టుకుంటారో మాలో ఎవరికీ తెలియదు. పోలీసు మొహం చూడగానే దొంగే ఒప్పేసుకుంటాడని మా నమ్మకం. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు, కాపురానికొచ్చి ఏడాది, అక్షరం ముక్క రాదు. (నలభై అయిదో ఏట నేర్చుకున్నాను. ఇది నా చేత్తోనే రాస్తున్నాను. రాతలో తప్పులుంటే సర్దుకోండి, చెప్పేదాంట్లో మాత్రం లేవు.)

మామిడి కోతల రోజులు. అత్త, మా ఆయన, నేను ముగ్గురం నూజివీడు అవతల తోటలో కాయ కోతకి పోయి సాయంత్రం ఇంటికొచ్చేసరికి దొడ్లో పొయ్యి మీద రాగి కాగు లేదు. ఒంటికి అంటిన మామిడి సొన వదలాలంటే వేణ్ణీళ్ళే దిక్కు, ఆ నీళ్ళు కాచేది అందులోనే. పైగా అది అత్తకి వాళ్ళమ్మ ఇచ్చిన కాగు. మా ఇంట్లో దానికున్న పరపతి నాకు లేదు. అత్త గుండెలు బాదుకుంది. “పక్కింటోళ్ళేనే! చూరు నీళ్ళ తగాదా కడుపులో పెట్టుకున్నారు. వాళ్ళ పేరే రాయించండి” అని మర్నాడు పొద్దున్నే మా ఇద్దర్నీ స్టేషనుకి తోలింది. ఆఖరుసారి కాగుని చూసింది నేను గనక చెప్పాల్సిందీ నేనే.

స్టేషన్లో హెడ్డు కానిస్టేబులు పెద్దవాడు, నిదానస్తుడు. కాగు ఎంతుంటుంది, ఎక్కడ పెట్టారు, చివర ఎప్పుడు చూశారు అని అడుగుతూ రాసుకున్నాడు. “గుర్తులేమైనా ఉన్నాయా?” అన్నాడు. “ఒక పక్క సొట్ట ఉందండి. మా అత్త కాలితో తన్నింది.” “ఎందుకు తన్నింది?” “కోపమొచ్చిందండి.” “ఎవరి మీద?” నేను మా ఆయన వంక చూశాను, ఆయన దగ్గాడు. “సరే, అది రాయక్కర్లేదులే” అన్నాడు హెడ్డు. తర్వాత ఎవరి మీదైనా అనుమానం ఉందా అని అడిగాడు. మా ఆయన నా చెయ్యి గిల్లాడు. పక్కింటామె నేను జ్వరపడితే గంజి కాచి పోసిన మనిషి. “నేను చూసింది కాగు లేకపోవడమేనండి, తీసినోళ్ళని చూళ్ళేదు” అన్నాను. ఆయన కలం ఆపి నా మొహం చూసి, రాసిందంతా చదివి వినిపించాడు. అందులో మాటిమాటికీ ‘సదరు కాగు’ వచ్చింది. “సదరు అంటే ఏంటండి?” “అంటే ఆ కాగే.” “మరి ఆ కాగే అని రాయొచ్చుగా?” ఆయన నా బొటనవేలు పట్టుకుని సిరాలో అద్దాడు. “సాయంత్రం వస్తాను. అక్కడ ఏదీ కదపకండి” అన్నాడు.

ఇంటికి రాగానే అత్త, “గవర్నమెంటాయన వస్తుంటే దొడ్డి అట్టా ఉంచుతావంటే? పరువు పోదూ?” అంది. నేను ఊడ్చి, పేడతో పొయ్యి చుట్టూ అలికి, నాలుగు గీతల ముగ్గు కూడా పెట్టాను. హెడ్డు సైకిలు దిగి దొడ్లోకొచ్చి ముగ్గు ముందు ఆగిపోయాడు.

“అడుగు జాడలేవమ్మా?”

“అలికేశానండి.”

“ఏదీ కదపొద్దన్నానా లేదా?”

“ఏదీ కదపలేదండి. అలికానంతే.”

“ఎందుకలికావు?”

“మీరొస్తున్నారనండి.”

ఆయన మొహంలో నవ్వు రాలేదు. జాడలు తుడిచింది ఎవరని పోలీసు వెతుకుతాడని నాకప్పుడే తెలిసింది. నేను అత్త వంక చూశాను. ఒక్క మాట, ‘నేనే అలకమన్నాను’ అంటే చాలు. ఆవిడ పైట సర్దుకుని, “ఏమోనండి, మొన్ననే దీని పుట్టింటోళ్ళు వచ్చెళ్ళారు” అంది. కాగు పోయినా ఇంకొకటి కొనుక్కోవచ్చు. ఆ మాట ఊళ్ళో పడితే నా ఏడాది కాపురం ఏం కావాలి? అక్కడే నిలువునా చచ్చాను.

హెడ్డు మాత్రం ఆ మాట పట్టుకోలేదు. పొయ్యి దగ్గర గొంతుక్కూచుని, “కాగు అడుగున మసి ఉంటుందిగా?” అన్నాడు. “వేలెడు మందం ఉందండి” అన్నాను. “అయితే మోసినోడు ఒంటికో బట్టకో పూసుకునే పోయుంటాడు. ఊళ్ళో బట్టలెవరు ఉతుకుతారు?” అన్నాడు. దొంగని వెతకడానికి చాకలి ఇంటికి పోవడమేంటని మాకు విచిత్రం. చాకలామె మాత్రం మూట విప్పకుండానే చెప్పింది: “మసి కండువా ఒకటొచ్చిందండి. ఎంత రుద్దినా వదల్లా. వీళ్ళత్త తమ్ముడిది.”

అత్తకీ ఆ తమ్ముడికీ రెండేళ్ళుగా మాటల్లేవు. ఊరి ఆ చివర అతనింటికి పోయేసరికి మా కాగు పొయ్యి మీద పొగలు కక్కుతోంది. అతని కూతురు ప్రసవించి మూడు రోజులట. “బాలింతకి నీళ్ళు కాచుకోడానికి మా అమ్మ కాగు తెచ్చుకున్నానండి. పట్టపగలు బండిలో తెచ్చుకున్నా. ఎవరితో చెప్పాలి, అక్క మాట్లాడదాయె!” అన్నాడు. పంచనామా రాయడానికి కాగు దించాలి. బాలింత నీళ్ళు కాగేదాకా హెడ్డు అరుగు మీద కూచున్నాడు.

మర్నాడు మళ్ళీ స్టేషనుకి. దారిలో అత్త నా చెయ్యి పట్టుకుంది. “కాగు నువ్వే ఇచ్చానని చెప్పవే. నా తమ్ముడు జైలుకి పోతాడు.” నేను మొహం మీదే అన్నాను: “ఇచ్చానంటే నిన్న మీరన్నది నిజమవుతుందత్తా. నేను ఇవ్వలేదు.” ఆవిడ నా చెయ్యి వదిలేసింది. స్టేషన్లో నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. హెడ్డు విని, “తీసుకోవడమొక్కటే దొంగతనం కాదమ్మా, దొంగబుద్ధి ఉండాలి. తల్లి కాగని పట్టపగలు తీసుకుపోయినవాడికి అదేముంది? పొరపాటు ఫిర్యాదని రాసి పైకి పంపుతాను” అన్నాడు. అత్త లేచి నిలబడింది. ఎవరూ అడక్కుండానే, “దొడ్డి నేనే అలకమన్నానండి. ఈ పిల్లకేం తెలీదు. అదీ రాయండి” అంది. ఆయన రాశాడు, చదివి వినిపించాడు. అత్త వేలిముద్ర నా వేలిముద్ర పక్కన పడింది. తిరిగొచ్చేటప్పుడు ఆవిడ ఇంటికి రాకుండా నేరుగా బాలింతని చూడ్డానికి పోయింది.

పోయిన వేసవిలో మా దొడ్లో బోరు మోటారు ఎవరో ఎత్తుకుపోయారు. ఎస్సైగారు వస్తున్నారని మా అబ్బాయి ఫోన్ చేశాడు. వెంటనే నా నోట్లోంచి, “అమ్మాయ్, ఆ దొడ్డి కాస్త ఊడ్చమ్మా, ఎట్టా ఉందో చూడు” అన్న మాట వచ్చేసింది. కోడలు శుభ్రంగా ఊడ్చింది. ఎస్సై వచ్చి నేల చూసి, “ఎవరు ఊడ్చారు?” అన్నాడు. కోడలి మొహం పాలిపోయింది. ఆ మొహం నేనెరుగుదును. కర్ర పట్టుకుని లేచాను. “ఊడవమన్నది నేనేనయ్యా. ముందది రాసుకో. చదివి వినిపించక్కర్లేదు, నేనే చదువుకుంటాను.”

ఆ మాట అనడానికి మా అత్తకి ఒక రోజు పట్టింది. నేను అప్పటికప్పుడే అనగలిగాను. అరవై ఏళ్ళలో ఆవిడ కంటే నేను బాగుపడింది ఆ ఒక్క రోజు మేరకే.