గంజి పెట్టిన వాగు

ఒక అడవి పరువును నిండు సెమినార్‌లో తీసిన ఘనత నాది. అదీ ఒక్క తువ్వాలుతో. నవ్వొచ్చిన చోట మొహమాటపడకండి, నవ్వండి. చివరిదాకా నవ్విస్తానని మాత్రం మాటివ్వలేను. నాకే ఇంతవరకూ చేతకాలేదు.

తిరుపతిలో పరిశోధన చేస్తున్న రోజులవి. శేషాచలం అడవిలోంచి ఒక చిన్న వాగు ఎంత కార్బన్‌ను బయటికి మోసుకుపోతోందో తేల్చడం నా పని. చెట్లు గాలిలోని కార్బన్‌ను పట్టి ఆకుల్లో దాచుకుంటాయి. ఆకు రాలి కుళ్లుతుంది. వాన పడితే కాఫీపొడిలోంచి డికాషన్ దిగినట్టు ఆ సారమంతా వాగులోకి దిగి, ఏట్లో కలిసి, సముద్రం దారి పడుతుంది. అడవి కూడబెట్టుకున్నదాన్ని వాగు చప్పుడు లేకుండా తరలిస్తుందన్నమాట. వాన కురిసినప్పుడల్లా వెళ్లి ఆ నీళ్లు సీసాల్లో పట్టి తేవాలి.

వెళ్లాల్సింది నేను. వెళ్లింది మునెయ్య తాత. అడవి అంచు పల్లెలో ఉండే ఆయనకు ఆ వాగు పెరటి దారి లాంటిది. నాకేమో పామంటే భయం, ఏనుగంటే మరీ భయం. తా దూర కంత లేదు, మెడకో డోలు! అడవిలో అడుగు పెట్టలేనిదానికి అడవి మీద డాక్టరేటు!

"తాతా, వాన పడినప్పుడల్లా ఈ సీసాలు నింపి చల్లని చోట పెట్టు. ఆదివారం వచ్చి తీసుకుపోతా. పని శుభ్రంగా ఉండాల!" అన్నాను. ఆ నీళ్లెందుకో చెప్పలేదు.

"నువ్వు సెప్పినాక తిరుగేముండాది అమ్మణ్ణీ," అన్నాడు.

మాది నగరి. నాయనకు మరమగ్గాలు. ఆయన నేసిన కొత్త తువ్వాలొకటి తాత భుజాన కప్పాను. తాత కళ్లు తుడుచుకున్నాడు, పాత పంచె కొంగుతో. కొత్తది మాసిపోతుందని.

వానలు నడిమికి వచ్చేసరికి నా సీసాల్లో కార్బన్ అంకెలు ఆకాశాన్నంటాయి. "ఇంత పోగొట్టుకుంటున్న అడవి మరొకటి ఉండదేమో!" అని సెమినార్‌లో గొంతు చించుకున్నాను. మా గైడు సారు ఒక సీసా తెప్పించి, గ్లాసులోకి వంచి, అయోడిన్ చుక్క వేశారు. నీళ్లు నీలమైపోయాయి.

"ఇది దేనికి గుర్తమ్మా? పదో తరగతి పిల్లలు కూడా చెప్తారు."

"గం... గంజికి సార్."

"అంటే, మీ అడవిలో చెట్లకు గంజి పెట్టి ఇస్త్రీ చేస్తున్నారా?"

హాలు గొల్లుమంది. కొత్త నీరొచ్చి పాత నీటిని కొట్టుకుపోతుందంటారు. ఆ రోజు ఆ నీరు నన్నే కొట్టుకుపోయింది.

ఆ కోపంతోనే బస్సెక్కి పల్లెలో దిగాను. "తాతా! నీళ్లలో ఏం కలిపినావు?"

"నేనేం కలుపుతానమ్మా? వాన నీళ్లు ఎర్రగా, అన్నీ ఆకులూ నలకలూ. సదువుకునే బిడ్డకు ఆ మురికి ఎట్లిచ్చేది? నువ్విచ్చిన తువ్వాలేసి వడగట్టినాను."

"మరి గంజి?"

పక్కనున్న ఆయన భార్య మునెమ్మవ్వ గర్వంగా అందుకుంది. "నేనే పెట్టినాను. వాడినప్పుడల్లా ఉతికి గంజి పెట్టమంటాడు. మీ నాయన నేసింది గదా, నలగకూడదంట."

అయిపోయింది. అడవి సొత్తు తువ్వాలులో ఆగిపోయింది, అవ్వ వార్చిన గంజి నా సీసాల్లోకి దిగింది.

"నాకు కావాల్సిందే ఆ మురికి!" అని అరిచాను. "నా కష్టమంతా నాశనం చేసినావు!" నా కష్టమట! ఫ్యాను కింద కూర్చున్నది నేను, కొండెక్కినది ఆయన.

తాత భుజాన ఉన్న తువ్వాలు తీసి చూసుకున్నాడు. "ఆ మురికేనా కావాల్సింది? ముందే సెప్పుంటే తెచ్చుందునే అమ్మణ్ణీ," అన్నాడు.

అడగందే అమ్మైనా పెట్టదు. చెప్పందే తాతకెలా తెలుస్తుంది? ఈ తెలివి నాకు ఆ పూట రాలేదు. వచ్చిన బస్సెక్కి వచ్చేశాను.

కార్తీకంలో తుఫాను వాన పట్టింది. నేను అలిగి గదిలోనే ఉన్నాను. మునెయ్య తాత ఒక్కడే పారే వాగులోకి దిగాడు. సీసా నింపుకుని ఒడ్డెక్కుతూ బండ మీద జారాడు. తుంటి విరిగింది. మంచాన పడ్డాక జ్వరం తగిలింది. నాకు కబురు తెలిసేసరికి దినాలు కూడా అయిపోయాయి. క్షమించమని అడగడానికి మనిషి లేడు.

పల్లెకు వెళితే మునెమ్మవ్వ నన్ను పీట వేసి కూర్చోబెట్టింది. నీళ్లకుండ పక్కన చల్లగా దాచిన సీసా తీసి, ఆ రోజు తాత భుజాన ఉండి వాగు మురికంటిన ఆ తువ్వాలులోనే చుట్టి చేతికిచ్చింది.

"ఈసారి వడగట్టలేదని సెప్పమన్నాడు."

ఎర్రటి నీళ్లు, అడుగున నానిన ఆకు ముక్క. ప్రయోగశాలలో అయోడిన్ వేశాం. రంగు మారలేదు. ఆ వానాకాలమంతటికీ నికరమైన లెక్క ఆ ఒక్క సీసాదే. మరుసటి ఏడు పాములకూ ఏనుగులకూ దండం పెట్టుకుంటూ నేనే వాగులోకి దిగాను. డాక్టరేటూ వచ్చింది. చూపించడానికి తాత లేకపోయాడు.

మొన్న నాయన నా బీరువాలో ఆ తువ్వాలు చూశాడు. "ఏందమ్మా ఇది, ఇంత మురికి! ఉతికి గంజి పెట్టకూడదా?"

పాఠకులారా, మీరే సాక్షి. ఎందుకో చెప్పకుండా ఇక ఎవరికీ ఏ పనీ చెప్పనని ప్రమాణం చేస్తున్నాను. ఆ తువ్వాలును మాత్రం ఉతకను, గంజి పెట్టను. నాకు కావాల్సిందే ఆ మురికి.