ఆంజనేయుడికి పెట్టిన చేదు పప్పు

ఆంజనేయస్వామితో మొదలుపెట్టి, ఆకలితో వచ్చి పంక్తిలో కూర్చున్న ప్రతి మనిషి నోరూ ఒకే పూట చేదు చేసిన ఘనత నాది. ఇందులో అతిశయోక్తి ఏమైనా ఉంటే అది స్వామివారి విషయంలోనే. ఆయన పైకి ఏమీ అనలేదు.

ఎనభైల నాటి మాట. లక్సెట్టిపేట దగ్గర మా మేనమామ ఊళ్ళో ఒక పటేల్ ఉండేవాడు. కాలువ కింద బీడుపడ్డ తన చెలకను మళ్ళుగా విడదీసి, భూమి లేకపోయినా వ్యవసాయం నేర్చుకుంటామన్న కుర్రాళ్ళకు తలా ఒకటి ఇచ్చాడు. షరతు ఒక్కటే. తొలికాత మొత్తం ఊరి వంటశాలకు పోవాలి. పని దొరకని కూలీలకు, దిక్కులేని ముసలివాళ్ళకు అక్కడ లచ్చవ్వ రోజూ వండి పెట్టేది. తొలికాత ఇవ్వలేనివాడి మడి ఇంకొకడికి పోతుంది.

నేను బెల్లంపల్లి బొగ్గుబాయి కార్మికుడి కొడుకుని. మామ ఇంట్లో ఉంటూ నేనూ ఒక మడి తీసుకున్నాను. "బాయి పనికి రమ్మంటే భూమి అంటుండు. సూద్దాం. మడి పోయిననాడు మూట సదురుకొని నా ఎంబడి రావాలె" అని బాపు తేల్చేశాడు. పట్టపగలు చీకట్లోకి దిగడమంటే నాకు గుండె దడ. అందుకే ఆ మడి నాకు ప్రాణం.

అంత ప్రాణమైతే నలుగురినీ అడిగి విత్తనం వేయొచ్చు కదా, అంటారు మీరు. అడిగితే బొగ్గుబాయోని కొడుక్కి ఏం తెల్వదని నవ్వుతారేమోనని నా బెంగ. మామ ఇంట్లో దూలానికి ఎండిన సొరకాయ ఒకటి వేలాడుతుండేది. బిందెంత ఉంది. ఊపితే గింజలు గలగలమన్నాయి. విత్తనానికే దాచి ఉంటారని నా అంతట నేనే తీర్మానించేశాను.

"మామా, గీ ఆనిగెపుకాయ తీస్కుంటున్న."

"తీస్కపో" అన్నాడు మామ బీడీ ముట్టించుకుంటూ. ఎందుకని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఇక కాసింది చూడండి! తీగకు తీగ కనపడకుండా కాయలు. పక్క మడి ఓదెలు రోజూ వచ్చి గుడ్లప్పగించి చూసేవాడు.

"ఏం మందేసినవ్ రా?"

"కష్టం" అనేవాణ్ణి, నడుం మీద చెయ్యి పెట్టుకుని.

ఒకనాడు మేకల మంద పడి అందరి మళ్ళూ మేసింది. నా తీగల దగ్గరికి మాత్రం వచ్చి, వాసన చూసి, మర్యాదగా పక్కకు తప్పుకుంది. "నా మడికి మేకలు గూడ ఇజ్జత్ ఇస్తున్నయ్" అని కనపడ్డ ప్రతివాడికీ చెప్పుకున్నాను.

ఒక శనివారం బండి నిండా కాయలు తెచ్చి వంటశాల ముందు దించాను. లచ్చవ్వ మురిసిపోయి, "నీ కడుపు సల్లగుండ బిడ్డా" అంటూ గుండిగెడు పప్పులో వేసి ఉడికించింది.

"జర రుచి సూడు, అవ్వా!"

"శనివారం పూట సామికి సూపెట్టకుంట నోట్లె పెడ్తరా? కండ్లు పోతయ్" అని కసిరింది.

కొండగట్టు ఆంజనేయస్వామి పటం ముందు గిన్నెడు పప్పన్నం పెట్టి, హారతిచ్చి, అప్పుడు వడ్డించింది. తొలికాత వండిన పూట మొదటి ముద్ద పటేల్‌ది. ఆయన నోట్లో పెట్టుకున్నాడు. నమల్లేదు, మింగలేదు. కళ్ళు మాత్రం నన్ను వెతికాయి. అంతలోనే పంక్తి ఈ కొస నుంచి ఆ కొస దాకా "థూ! థూ!"

పంక్తిలోంచి మామ లేచి, వండగా మిగిలిన కాయ ఒకటి తీసుకుని కొరికి చూశాడు. "ఎవ్వలు మింగకుండ్రి! గిది బుర్రకాయ!"

నీళ్ళ బుర్రలు చేసుకునే ఆ జాతి కాయ పరమ చేదని, కూరకు పనికిరాదని ఆ ఊళ్ళో అందరికీ తెలుసట. లేతగా ఉన్నప్పుడు మాత్రం చూపుకు మామూలు సొరకాయలాగే ఉంటుందట.

"తీస్కపొమ్మన్నది నువ్వే గదా, మామా!"

"నీళ్ళకు బుర్ర చేస్కుంటవనుకున్న రా! విత్తుతవని నాకేం ఎరుక? మేకలు ముట్టనన్నప్పుడన్న నీకు సమజ్ గాలేదా?"

విస్తళ్ళలో చేదు పట్టిన అన్నం. ఒక ముసలమ్మ కొంగుతో నాలుక తుడుచుకుని, ఇంకేమైనా పెడతారేమోనని లేవకుండా అలాగే కూర్చుంది. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"నిలబడి సూస్తవేంది? ఉల్లిగడ్డలు కొయ్" అంది లచ్చవ్వ. అప్పటికే చింతపండు పిసుకుతోంది. వేరే గుండిగలో మిగిలిన అన్నం మళ్ళీ వడ్డించి పచ్చిపులుసు పోస్తే అందరి కడుపులూ నిండాయి. నేను ఏడుస్తూనే ఉల్లిగడ్డలు కోశాను. నేరం ఉల్లిగడ్డల మీదికి పోయింది.

పటేల్ నోరు కడుక్కుని వచ్చాడు. "తొలికాత ఇచ్చినట్టా, ఇయ్యనట్టా?"

నా కళ్ళ ముందు బొగ్గుబాయి తెరుచుకుంది.

"ఇచ్చిండు. మనమే తినలేకపోయినం" అంది లచ్చవ్వ. "మడి ఉండనియ్యి పటేలా. గానీ ఇగ నుంచి ఎవ్వల తొలికాత వచ్చినా ఒక కాయ పక్కకు తీసుడు. గుండిగల ఏసే ముందు దాన్ని గీ పిలగాడు పచ్చిగనే నమిలి మింగాలె. ఒప్పుకుంటవా రా?"

"ఒప్పుకుంట!" ఆమె మాట పూర్తవకముందే అన్నాను. ఒక్క కాయే కదా! వంకాయో బెండకాయో, ఏదైతేనేం?

మడి నిలిచింది. మరుసటి వారమే ఓదెలు తన తొలికాత తెచ్చాడు. గంప దించి, మీది బట్ట తీశాడు.

పచ్చిమిరపకాయలు.

"అవ్వ పెట్టిన షరతు" అంటూ అందులో లావుపాటిది ఏరి, నా చేతిలో పెట్టి, ఎదురుగా చతికిలబడ్డాడు ఓదెలు.

నమిలి మింగాను. మాట పడిపోయింది గనుక మనసులోనే, రెండు చేతులూ పైకెత్తి, కళ్ళ వెంట ధారలు కారుతుండగా ప్రమాణం చేశాను. ఇక జన్మలో నలుగురినీ అడగకుండా విత్తనం వేయను. పక్క మడిలో ఏం కాస్తోందో చూడకుండా ఏ షరతుకూ ఒప్పుకోను.